నలభై రెండో ప్రశ్న

ఆ ఇంట్లో కంప్యూటరుకి పద్నాలుగేళ్ళు. మనిషైతే మీసం మొలిచే వయసు, కంప్యూటరైతే కాటికి కాళ్ళు చాపుకునే వయసు. అది నడిచినా ఆగినా ఇన్నాళ్ళూ ఎవరికీ పట్టలేదు. ఇప్పుడు మాత్రం ఇంటిల్లిపాదీ దాని ముఖం వంకే చూస్తున్నారు. వచ్చే శనివారం పొద్దున పదింటికి దాని ముందు కూర్చుని ఆయమ్మ పరీక్ష రాయాలి.

ఆయమ్మ అంటే ఆ ఇంటి పెద్దకోడలు. పేరుకేం, మంచి పేరే ఉంది, శుభలేఖ మీద అచ్చు కూడా వేయించారు. కాని పద్దెనిమిదేళ్ళుగా ఆస్పత్రిలో ఆయాగా చేస్తోంది కాబట్టి రోగులు ఆయమ్మ అన్నారు, రోగుల్ని చూసి వీధివాళ్ళు అన్నారు, వీధివాళ్ళని చూసి కట్టుకున్న మొగుడే ఆయమ్మా అని పిలవడం మొదలుపెట్టాడు.

పక్కబట్టలు మార్చడం, బెడ్‌పాన్లు కడగడం, స్ట్రెచరు తోయడం ఆమె పని. మందుల ట్రాలీ మాత్రం ముట్టుకోకూడదు. ఏ మంచానికి ఏ మాత్ర, ఏ పూట, అన్నం ముందా తర్వాతా, అన్నీ ఆమెకి నోటికి వచ్చు. ఒకరోజు కొత్తగా చేరిన నర్సు ఒక మంచం మాత్ర ఇంకో మంచానికి ఇవ్వబోతుంటే, "అది తొమ్మిదో నంబరుది సిస్టర్" అని మెల్లగా చెప్పింది. నర్సు మాత్ర మార్చింది. మార్చి, "నీ పని నువ్వు చూసుకో" అంది. రోగులందరూ విన్నారు. ఆ మాట ఆమె మనసులో ముల్లులా దిగబడిపోయింది, నేటికీ సలుపుతూనే ఉంది.

సహాయ నర్సు పరీక్ష పాసైతే ఆ ట్రాలీ తనే తోసుకుపోవచ్చు. ఇప్పటికి రెండుసార్లు కట్టింది. ఒకసారి రెండు మార్కుల్లో పోయింది. ఇంకోసారి సరిగ్గా పరీక్షనాడే అత్తగారు స్నానాల గదిలో జారిపడితే రోజంతా ఎముకల డాక్టరు గుమ్మంలో గడిచింది. నలభై అయిదు నిండితే ఇక రాయనివ్వరు. ఆయమ్మకి వచ్చే నెల నిండుతాయి. అంటే ఇదే ఆఖరు.

పరీక్ష ఇంట్లోంచే రాయాలి. నెల కిందట, కంప్యూటరు ఒంట్లో బాగున్నప్పుడు, పరీక్షవాళ్ళ ప్రోగ్రామొకటి దాంట్లో ఎక్కించి నమోదు చేసుకున్నారు. నమోదు చేసిన కంప్యూటరులోనే రాయాలి, పక్కింటివాళ్ళది అరువు తెచ్చుకుని కూర్చుంటే చెల్లదు. నమోదైన నాలుగో రోజు నుంచీ ఈ మహానుభావుడు ఆగిపోవడం మొదలుపెట్టాడు.

ఆగడమంటే మామూలు ఆగడం కాదు. చప్పుడుండదు, చీకటి పడదు. తెర మీద బొమ్మ ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. మౌసు కదిపితే బాణం కదలదు, కింద మూలనున్న గడియారం కూడా కదలదు. కొనప్రాణంతో ఉందో, ఎప్పుడో పోయిందో చెప్పడానికి లేదు. ఆయమ్మకి చేత్తో నాడి పట్టుకు చూడటం తెలుసు గాని దీనికి నాడెక్కడుంటుంది?

"బండి ఆగితే దిగి తొయ్యొచ్చు. దీన్నెక్కడ పట్టుకు తొయ్యమంటావే?" అన్నాడు మొగుడు. ఆయన బస్సు డ్రైవరు.

"ఉండన్నయ్యా, నేను చూస్తా" అని ముందుకొచ్చాడు మరిది. కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. ఇంట్లో అతని బిరుదు ఇంజనీరు. ఈ లోకంలో స్క్రూలున్న ప్రతి వస్తువూ తన మాట విని తీరుతుందని అతని నమ్మకం.

ఆదివారం నాడు పెట్టె పక్కరేకు విప్పాడు. లోపల దుమ్ము పిచ్చుకలు గూడు పెట్టుకునేంతుంది. రంగులేసే కుంచెతో దులిపాడు, దులిపిందంతా పీల్చి పది తుమ్ములు తుమ్మాడు. అత్తగారు కుట్టి తొడిగిన గుడ్డ తొడుగు తీసి తల్లి చేతికిచ్చాడు.

"అమ్మా, గాలి కంతలన్నీ మూసేసి దీనికి ఊపిరాడకుండా చేశావు."

"పాడవకుండా కప్పానురా, పాడెక్కించడానికి కాదు" అంది అత్తగారు ముఖం చిన్నబుచ్చుకుని.

తొడుగు తీశాక రెండు గంటలు చక్కగా నడిచింది. ఇంజనీరు కాలు మీద కాలేసుకుని, "వదినా, ఒక టీ" అన్నాడు. టీ వచ్చేసరికి ఆగిపోయింది.

సోమవారం లోపలి మెమరీ ముక్కలు పీకి, వాటి పళ్ళని పెన్సిలు రబ్బరుతో తోమి మళ్ళీ గుచ్చాడు. పావుగంటకి ఆగింది. మంగళవారం మొగుడు పెట్టెని పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని ఆటోలో రిపేరు షాపుకి తీసుకెళ్ళాడు. షాపువాడు ఒక పగలంతా నడిపించి చూసి, "ఇక్కడ బంగారంలా నడుస్తోందండీ, ఒక్కసారీ ఆగలేదు" అన్నాడు. ఇంటికి తెచ్చి పెట్టిన అరగంటకి కదలక మెదలక నిలబడింది.

"అల్లుడిలా ఉందిరా దీని వ్యవహారం. బయట పెద్దమనిషి, ఇంట్లో మొండిఘటం" అంది అత్తగారు.

ఇంట్లో కరెంటు లోపమేమోనని ప్లగ్గు మార్చారు. ఫ్రిజ్ ఆపేశారు, పాలు విరిగిపోయాయి. టేబులు ఫ్యాను తెచ్చి విప్పిన పెట్టెకి ఎదురుగా పెట్టారు. ఆగిన ప్రతిసారీ ఇంజనీరు బొత్తాం మీద వేలు పెట్టి అయిదు లెక్కపెట్టి నొక్కి పట్టుకునేవాడు. పెట్టె ఆరిపోయేది, మళ్ళీ వెలిగించేవాడు. పది నిమిషాలు ఓపిక పట్టి చూద్దామని ఎవరికీ తోచలేదు. పుస్తకం తెరిచి కూర్చున్న ఆయమ్మకి ఒక్క ముక్కా బుర్రకెక్కడం లేదు. చదువుతున్నది గుండె గురించి, చెవి మాత్రం బల్లకింద పెట్టె మీద.

గురువారం షాపువాడే ఇంటికొచ్చి, పెట్టెకి చెవి ఆనించి విన్నాడు. డాక్టరు వీపు మీద స్టెతస్కోపు పెట్టినప్పటిలా అందరూ ఊపిరి బిగబట్టారు.

"టక్కుటక్కుమంటోంది చూశారా? హార్డ్ డిస్కు అరిగిపోయింది. ఎక్కడో ఒకచోట చదవలేక తడుముకుంటోంది. కొత్తది వేస్తే గంటలో పని."

"వేసెయ్ నాయనా!" అంది ఆయమ్మ, ఆ గంటే బంగారమన్నట్టు.

"వేస్తే మీ పరీక్ష ప్రోగ్రాం దీన్ని గుర్తుపట్టదమ్మా. మళ్ళీ మొదట్నుంచీ నమోదు చేసుకోవాలి. దానికి పదిహేను రోజులని వాళ్ళే రాశారు, చూడండి."

చూసింది. నిజమే. మందుంది, వెయ్యడానికి వీల్లేదు. అలాంటి రోగుల్ని ఆమె చాలామందిని చూసింది గాని, మంచం పక్కన నిలబడిన బంధువుల ప్రాణం ఎలా గిలగిల్లాడుతుందో ఇప్పుడే తెలిసింది.

శుక్రవారం పరీక్షవాళ్ళకి ఫోను చేసింది. నలభై నిమిషాలు పాట విన్నాక ఒకమ్మాయి పలికింది.

"పరీక్ష మధ్యలో కంప్యూటరు ఆపితే పరీక్ష ముగిసినట్టే మేడమ్."

"నేను ఆపనమ్మా. అదే ఆగిపోతేనో?"

"ఆపకండి మేడమ్."

"అయ్యో తల్లీ, నేను ఆపడం కాదు, దానంతటదే..."

"ఆపకండి మేడమ్. ఇంకేమైనా సహాయం కావాలా?"

ఇంతవరకూ చేసిందేమిటో! ఆయమ్మ ఫోను పెట్టేసి, "గోడకి చెప్పుకున్నా కాస్త బాగుండేది" అంది.

శనివారం పొద్దున ఆ గదిలోకి ఆయమ్మ తప్ప ఎవరూ పోకూడదు. తలుపు వేసి ఉండాలి. కెమెరా చూస్తూ ఉంటుంది, మైకు వింటూ ఉంటుంది. కుర్చీలోంచి లేవకూడదు, నోరు విప్పకూడదు, ఫోను దగ్గర ఉండకూడదు. తలుపవతల మొగుడు సెలవు పెట్టి కూర్చున్నాడు. అత్తగారు దగ్గొస్తే కొంగు నోట్లో కుక్కుకుంటోంది. ఇంజనీరు వీధిగుమ్మంలో నిలబడి పేపరువాడినీ పాలవాడినీ చేతులూపి తరిమేస్తున్నాడు.

అరవై ప్రశ్నలు, గంటన్నర, యాభై రైటవ్వాలి. ఒక్కో ప్రశ్నా ఒక్కో పేజీ. జవాబు మీద నొక్కితే పక్కన చుక్క పడుతుంది, కింద 'తరువాత' అన్న బొత్తాం నొక్కితే ఇంకో పేజీ వస్తుంది. మొదటి ప్రశ్న చూసి ఆయమ్మ గుండె కుదుటపడింది. ఇది తెలుసు. రెండోదీ తెలుసు. ఓరి దేవుడా, అన్నీ తెలుసు! మంచానికి పట్టిన మనిషిని ఎన్ని గంటలకోసారి పక్కకి తిప్పాలట. ఆమె భుజాలనడిగితే చెప్తాయి. ముప్పై దాటింది, నలభై దాటింది. గోడగడియారంలో పదీ నలభై అయిదు. పెట్టె నోరు మెదపకుండా నడుస్తోంది. ఈ లెక్కన ఇరవై నిమిషాల ముందే అయిపోతుంది, మళ్ళీ ఒకసారి సరిచూసుకోవచ్చు కూడా అనుకుంది. అలా అనుకున్నందుకు తర్వాత తనని తను ఎంత తిట్టుకుందో!

నలభై రెండో ప్రశ్న: సెలైన్ ఎక్కుతున్న రోగికి సూది గుచ్చినచోట వాపు వస్తే మొదట ఏం చేయాలి?

రెండో జవాబు, సెలైన్ ఆపాలి. ఇది తెలియకపోతే పద్దెనిమిదేళ్ళు గాడిదల్ని కాసినట్టే. రెండో జవాబు నొక్కింది. చుక్క పడలేదు. బాణం కదపబోయింది. కదల్లేదు.

తెర మూలన చిన్న చతురస్రంలో తన ముఖం కనబడుతోంది, కళ్ళు సగం మూసుకుని, నోరు కాస్త తెరిచి, అలాగే నిలిచిపోయి. మిగిలిన సమయం నలభై అయిదు నిమిషాల దగ్గర ఆగింది. అక్కడ ఆగింది గాని, పరీక్షవాళ్ళ దగ్గర ఆగుతుందా?

బొత్తాం నొక్కి ఆర్పకూడదు. కేకేసి మరిదిని పిలవకూడదు. లేవకూడదు. కెమెరా చూస్తోందో, అది కూడా చచ్చిందో తెలియదు. రెండు నిమిషాలు చేతులు ఒళ్ళో పెట్టుకుని బుద్ధిగా కూర్చుంది. నాలుగు నిమిషాలు. తలుపవతల మొగుడి చెప్పులు అటూ ఇటూ తిరుగుతున్న చప్పుడు. రెండడుగుల దూరంలో మనుషులున్నారు, ఒక్కరికీ చెప్పుకునే దారి లేదు.

ఇక ఉండబట్టలేకపోయింది. రెండో జవాబు మీద నొక్కింది. పలకలేదు. బాణం 'తరువాత' దగ్గరికి వెళ్ళిందో లేదో కనబడదు, అయినా మౌసుని అటు జరిపి నొక్కింది. ఎంటరు నొక్కింది. మౌసు నొక్కింది. "కదులు నాయనా, కదులు తండ్రీ" అని లోపల్లోపల గొణుక్కుంటూ మౌసూ ఎంటరూ, మౌసూ ఎంటరూ నొక్కుతూ పోయింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగి తెర కూడా సరిగ్గా కనబడటం లేదు. వేలు మాత్రం ఆగలేదు.

పదీ యాభై రెండుకి పెట్టెలోంచి టక్కుమంది.

కదిలింది! మూలనున్న ముఖం కళ్ళు తెరిచింది. నలభై రెండుకి చుక్క పడింది. ఆయమ్మ ప్రాణం లేచి వచ్చింది. "అమ్మయ్య" అని ఊపిరి వదిలేలోగా నలభై మూడు వచ్చింది. నలభై నాలుగు. ఆమె చెయ్యి మౌసు మీద లేదు. నలభై ఏడు. యాభై. ఆమె నొక్కిన నొక్కులన్నీ ఒక్కటీ పోకుండా లోపల దాచిపెట్టుకుని ఇప్పుడు వరసగా బయటికి తీస్తోంది. యాభై నాలుగు. "ఆగు, ఆగు!" అని పైకే అరిచింది. ఇంటిల్లిపాదీ కలిసి వారం రోజులు బతిమాలినా ఇంత చురుగ్గా నడిచేది కాదేమో, ఖాళీ పేజీల మీంచి పరుగెత్తింది. అరవయ్యో పేజీలో 'తరువాత' ఉండాల్సిన చోట 'ముగించు' ఉంది. అదీ నొక్కుకుంది. నిజంగా ముగించాలా అని ఒక చిన్న డబ్బా అడిగింది. ఆమె చదివేలోపే దాచుకున్న ఎంటరొకటి అవునంది.

పరీక్ష ముగిసింది, నలభై రెండు ప్రశ్నలకు జవాబిచ్చారు, ధన్యవాదాలు అని రాసి ఉంది. కింద మిగిలిన సమయం ముప్పై ఎనిమిది నిమిషాలు అని కూడా ఉంది.

ఆమె అరుపు విని మొగుడు తలుపు తోశాడు. తెర మీద ధన్యవాదాలు కనబడింది.

"అప్పుడే అయిపోయిందా! ఇంకా పదకొండు కూడా కాలేదే!"

"నేను చెప్పలా, నా కోడలంటే ఏమనుకున్నార్రా!" అంటూ అత్తగారు కొంగు నోట్లోంచి తీసి, వారం నాటి దగ్గంతా ఒక్కసారి దగ్గింది.

ఇంజనీరు వీధిలోంచి పరుగెత్తుకొచ్చాడు. గోళ్ళ సందుల్లో ఇంకా నల్లటి దుమ్ము ఉంది. "ఆగిందా వదినా? ఆగలేదు కదూ?" అని ఆశగా ముఖంలోకి చూశాడు.

"ఆగింది నాయనా. ఆగితే ఆగిందిలే, మళ్ళీ నడిచింది. అదే కొంప ముంచింది" అంది ఆయమ్మ. జరిగింది చెప్పింది. చెప్తుంటే ఒక్కొక్కరి ముఖమే వాడిపోయింది. మొగుడు గోడకి చేరగిలబడ్డాడు.

మరిది ఉండబట్టలేక మౌసు కదిపి చూశాడు. బాణం చేపపిల్లలా ఈదుతోంది. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. ఆ తిరుగుడు చూడలేక ఆయమ్మ ముఖం పక్కకి తిప్పుకుంది.

"ఎన్నిసార్లు నొక్కావొదినా?" అన్నాడు గొంతు తగ్గించి.

"నాకేం తెలుసు నాయనా. వార్డులో చివరి మంచం ముసలాయన అదేపనిగా బెల్లు నొక్కేవాడు. 'ఒక్కసారి నొక్కితే చాలదా తాతా, మేమేం చెవుల్లో దూది పెట్టుకున్నామా' అని రోజూ కసిరేదాన్ని. పలికేవాళ్ళు లేకపోతే నొక్కక ఏం చేస్తారు?"

ఆ మాట అన్నాక ఇక ఆపుకోలేకపోయింది. బల్ల మీద తల పెట్టి, చిన్నపిల్లలా వెక్కివెక్కి ఏడ్చింది. మొగుడు మంచినీళ్ళ గ్లాసు తెచ్చి, ఎక్కడ పెట్టాలో తెలియక పట్టుకుని నిలబడ్డాడు. అత్తగారు వీపు మీద చెయ్యి వెయ్యబోయి వెనక్కి తీసుకుంది. ఏడ్చేవాళ్ళని ఓదార్చడం పద్దెనిమిదేళ్ళుగా ఆయమ్మ పని. ఆయమ్మ ఏడిస్తే ఏం చెయ్యాలో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.