ఈ కొట్లో కత్తి కింద పడదు

పదునక్క కొట్టుకు వెళ్ళేవాళ్ళు కత్తి ఇచ్చి వస్తే సరిపోదు, నాలుగు మాటలు పడి రావాలి. ఎవరు ఏ కత్తి తెచ్చినా ఆవిడ ముందు దాన్ని వెలుతురులోకి ఎత్తి, ఒక కన్ను మూసి అంచు వెంట చూసి, ఆ తర్వాత తెచ్చినవాళ్ళ మొహం చూసేది. దీంతో కూరగాయలు తరిగారా, మేకులు పీకారా అని అడిగేది. గిన్నెలు తోమే పీచుతో రుద్దారని అంచు చూసే పట్టేసేది. ఇన్ని తిట్లు తిన్నా జనం మళ్ళీ అక్కడికే వచ్చేవాళ్ళు, ఆవిడ సాన పట్టిన కత్తి టమాటా మీద పెడితే చాలు, దాని బరువుకే దిగిపోయేది మరి. ఆవిడ అసలు పేరు ఎవరికీ గుర్తు లేదు. కట్టుకున్న మనిషికి గుర్తుండే ఉంటుంది, కానీ పేరు పెట్టి పిలిచేంత ధైర్యం ఆయన ఎన్నడూ చేయలేదు.

ఆవిడ తండ్రి కూడా ఇదే పని చేసినవాడు. ఆయన వదిలి వెళ్ళినవి గోడ నిండా కత్తులు, కూతురి బుర్ర నిండా నియమాలు. గోడ మీదివి ఆయన ఏళ్ళ తరబడి ఏరి ఏరి తెచ్చినవి. పొడుగాటి చేపల కత్తి, తోలు కోసే వంకీ కత్తి, ఏదో రొట్టెల దుకాణం మూతపడితే తెచ్చిన గాట్ల కత్తి, ఇంకా బోలెడు. వాటికి తుప్పు పట్టకుండా పదునక్క వారం వారం నూనెగుడ్డతో తుడిచేది. ఇక నియమాల్లో మొదటిది, కత్తి ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి పోకూడదు. ఒకరు పెట్టాలి, ఇంకొకరు తీసుకోవాలి. అందుకే గుమ్మం లోపలే ఒక ఎత్తు స్టూలు వేసి ఉంచింది, తెచ్చినవాళ్ళు దాని మీద పెట్టాలి. రెండోది, కత్తి కింద పడకూడదు. పడితే మొన పోతుంది, దాంతోపాటు కొట్టు పరువూ పోతుంది. "ఈ కొట్లో కత్తి కింద పడదు. మా నాన్న ఉన్నప్పుడు పడలేదు, నేనున్నాక పడలేదు" అని వచ్చిన ప్రతివాళ్ళకూ చెప్పుకునేది. అలా చెప్పేటప్పుడు భర్త కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండేవాడు. ఆయన ఏం చూస్తున్నాడో ఆవిడ ఎప్పుడూ పట్టించుకోలేదు.

ఆవిడకు ఒక్కగానొక్క తమ్ముడు. వంట చేస్తే వేళ్ళు నాక్కోవాలి, కానీ ఏ పనిలోనూ కుదురుగా నిలిచేవాడు కాదు. ఒకచోట యజమానితో మాటామాటా అనుకునేవాడు, ఇంకోచోట చెప్పాపెట్టకుండా మానేసేవాడు. చివరికి దగ్గర్లోని బడి వంటశాలలో పని దొరికింది. పిల్లలకు వండిపెట్టడం మొదలుపెట్టాక మనిషే మారిపోయాడు. పొద్దున్నే లేస్తున్నాడు, నవ్వుతున్నాడు, ఒళ్ళు కూడా కాస్త చేశాడు. ఈ పని కూడా పోతే వాడిక లేవడని పదునక్కకు లోపల ఒకటే బెంగ. బెంగ బయటపెట్టడం చేతకాక ఆ మనిషి దాన్ని కూడా తిట్లలోనే చూపించేది.

వారానికోసారి వాడు పొద్దున ముక్కలు తరిగి, కూర పొయ్యి మీదికి ఎక్కించి, కత్తులు కడిగి గుడ్డలో చుట్టి తెచ్చి అక్క స్టూలు మీద పెట్టి పరుగెత్తేవాడు. సాయంత్రం వచ్చి తీసుకుపోయేవాడు. ఆ రోజూ అలాగే పెట్టి వెళ్ళాడు. పదునక్క అప్పుడు పెరట్లో సానరాళ్ళు నీళ్ళలో నానబెడుతోంది. "అక్కా, పెట్టాను" అన్న కేక విని లోపలి నుంచే ఊఁ కొట్టింది. చేయి తుడుచుకుని వచ్చేసరికి మూట స్టూలు మీద ఉంది, పక్కన కుర్చీలో భర్త పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని ఉన్నాడు.

మూట తీసుకెళ్ళి బల్ల మీద విప్పింది. గుడ్డకు ఒకచోట చిన్న చిల్లు కనిపించింది. చిరుగుల గుడ్డ తప్ప వీడికి ఇంకేమీ దొరకదా అని గొణుక్కుంది. పెద్ద కత్తి చూసింది, బాగానే ఉంది. చిన్న కత్తి ఎత్తి చూసింది. చూసి, కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి మళ్ళీ చూసింది.

మొన లేదు. బియ్యపు గింజంత ముక్క ఎగిరిపోయింది.

మొన విరిగిన కత్తులు ఆవిడ ఎన్ని చూడలేదు కనక. కానీ పాత విరుపు నల్లబడి ఉంటుంది, ఒక్క పూట తడి తగిలినా చాలు, కాస్త మసకేస్తుంది. ఇది ఉప్పురవ్వలా తళతళలాడుతోంది. ఇవాళ విరిగిందే, అందులో సందేహం లేదు. ఇవాళ ఈ కత్తి ఎక్కడుంది? బడి వంటశాలలో. ఏం కోసింది? పిల్లల కూరలోకి ముక్కలు కోసింది. ఆ ముక్కలు ఇప్పుడెక్కడున్నాయి? అక్కడికి వచ్చేసరికి ఆవిడ కత్తి పక్కన పెట్టేసింది.

గుడ్డను దులిపింది. రాళ్ళ దగ్గర ఇనుప రజను ఎత్తడానికి వాడే అయస్కాంతం తీసి గుడ్డ మీదా బల్ల మీదా తిప్పింది. ఏమీ అంటుకోలేదు. భర్త వైపు తిరిగి, "ఈ మూట ఎవరైనా ముట్టుకున్నారా?" అని అడిగింది. ఆ అడగడం మామూలుగా లేదు, గోడ మీద కత్తులన్నీ ఆయన వైపు తిరిగినట్టుంది.

"నాకేం తెలుసు? పేపరు చదువుకుంటున్నాను" అన్నాడాయన పేపరు దించకుండానే.

తమ్ముడికి ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది. వంటశాలలో ఫోన్లు బీరువాలో పెట్టేయాలని వాడే ఒకసారి చెప్పాడు. మళ్ళీ చేసింది. అదే మోత. పిల్లలు అన్నాలకు కూర్చునే వేళ దగ్గర పడుతోంది. ఫోను బల్ల మీదే పడేసి, అయస్కాంతం, చిన్న కత్తి గుడ్డలో చుట్టి పట్టుకుని వీధిలోకి పడింది.

ఎన్నడూ పరుగెత్తని మనిషి పరుగెత్తుతుంటే వీధంతా తలతిప్పి చూసింది. ఆవిడ కళ్ళ ముందు ఒకటే కదులుతోంది, ఎవరో చిన్నపిల్ల చెంచా నోట్లో పెట్టుకోవడం. ఆ గింజంత ఇనుము గొంతులో దిగితే ఏమవుతుందో ఆవిడకు తెలిసినంతగా ఆ వీధిలో ఇంకెవరికీ తెలియదు. దారిలో సిగ్నలు దగ్గర ఎర్ర దీపం పడితే ఆగాల్సి వచ్చింది. ఆగినంతసేపూ పళ్ళు కొరుక్కుంటూ నిలబడింది.

బడిలో భోజనాల గదిలోకి అడుగుపెట్టేసరికి పళ్ళేల చప్పుడు వినిపించింది. ఆవిడ పై ప్రాణాలు పైనే పోయాయి. అందరికంటే చిన్నపిల్లల వరుస అప్పటికే సగం తినేసింది. తమ్ముడు గరిటె పట్టుకుని రెండో వరుసకు వడ్డిస్తున్నాడు.

"ఆపండి. ఎవరూ తినకండి. కూరలో కత్తి మొన ఉంది" అని అరిచింది.

చెంచాలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. తర్వాత చిన్నపిల్లల్లో ఒకరు ఏడుపు అందుకున్నారు, వరుసంతా అందుకుంది. వంటశాల చూసుకునే మేడమ్ పరుగున వచ్చింది. పళ్ళేలు లాగేశారు. కూర గిన్నె దింపి, జల్లెడలో గరిటెలు గరిటెలుగా వంచి, నీళ్ళు పోసి కడిగారు. పదునక్క ఒక్కో ముక్క మధ్యా అయస్కాంతం తిప్పింది. మిగిలిపోయిన పళ్ళేల్లో తిప్పింది, తరిగిన బల్ల మీద, తొక్కల బుట్టలో తిప్పింది. ఎక్కడా లేదు. దొరక్కపోవడం దొరకడం కంటే భయంగా ఉంది. ఎక్కడా లేదంటే ఎవరో ఒకరి కడుపులో ఉన్నట్టేగా.

తిన్న పిల్లల్ని పక్క గదిలో వరుసగా పడుకోబెట్టారు. డాక్టరుకు కబురు పెట్టారు, తల్లిదండ్రులకు ఫోన్లు చేయడం మొదలుపెట్టారు. పొట్ట నొప్పిగా ఉందా అని అడిగితే, అడిగిన ప్రతి పిల్లా ఉందనే చెప్పింది.

తమ్ముడు గరిటె పక్కన పెట్టి అక్క దగ్గరికి వచ్చాడు. "అక్కా, నేను కడిగి, తుడిచి, మొన చూసుకునే చుట్టాను. అప్పుడు మొన ఉంది."

"విరుపు చూడు. ఇవాళ విరిగింది."

"విరిగి ఉండొచ్చు. నా దగ్గర విరగలేదు. నీ కొట్లో ఏమైనా..."

పదునక్కకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఎదురుగా మేడమ్ ఉందని గాని, గుమ్మంలో టీచర్లు నిలబడి వింటున్నారని గాని చూడలేదు. "మా కొట్లో కత్తి కింద పడదురా. నీ తప్పు తెచ్చి నా గుమ్మంలో పెట్టకు" అనేసింది.

వాడు అక్క మొహం వంక ఒకసారి చూసి తల దించుకున్నాడు. మేడమ్ వాణ్ణి ఏప్రాన్ విప్పి పక్కన కూర్చోమంది, పిల్లల సంగతి తేలాక మాట్లాడదాం అంది. వాడు ముడి విప్పుతుంటే వేళ్ళకు అది చిక్కలేదు. చిన్నప్పుడు చొక్కా గుండీలు రాక ఇలాగే తంటాలు పడేవాడు. అప్పుడు అక్కే పెట్టేది. ఇప్పుడు ఆవిడ కదలకుండా నిలబడింది.

కొట్టుకు ఎలా తిరిగి వచ్చిందో ఆవిడకే తెలియదు. గుమ్మంలో భర్త నిలబడి ఉన్నాడు. ఆయన్ని చూడగానే దుఃఖం పొంగుకొచ్చింది. పిల్లల్ని వరుసగా పడుకోబెట్టారని, అందులో ఒకదానికి ఇంకా పాలపళ్ళు కూడా ఊడలేదని, తమ్ముడి పని ఊడినట్టేనని, నా దగ్గర విరగలేదని వాడు అబద్ధం ఆడాడని, అదే తన కడుపు రగిలిస్తోందని ఏడుస్తూ చెప్పింది.

ఆయన జేబులోంచి మడిచిన కాగితం తీసి స్టూలు మీద పెట్టాడు. చేతికి ఇవ్వలేదు, ఆ ఇంటి అలవాటు అది. పదునక్క విప్పింది. లోపల బియ్యపు గింజంత ఉక్కు ముక్క ఉంది.

"పేపరు అందుకోబోతే మోచేయి తగిలింది. మూట కింద పడింది" అన్నాడాయన. "తీసి మళ్ళీ పైన పెట్టాను. మొన పోయిందని నాకు తెలియదు. నువ్వు వెళ్ళాక స్టూలు కింద వెతికితే దొరికింది. ఫోను చేస్తే ఇక్కడే మోగింది. బయల్దేరాను. మలుపు దాకా వెళ్ళాను. నీకు ఏమని చెప్పాలో తెలియక వెనక్కొచ్చేశాను."

పదునక్క గుడ్డ విప్పి ఆ చిల్లు చూసింది. మొన దూసుకొచ్చిన చిల్లు అది. కత్తి ఎప్పుడు విరిగిందో చెప్పగలిగిన మనిషికి ఆ గుడ్డ ఏం చెబుతోందో చూడాలని తోచనే లేదు. పిల్లల కడుపులో ఏమీ లేదన్న సంతోషం, తమ్ముడి మొహం, రెండూ ఒకేసారి గుర్తొచ్చి ఆవిడ స్టూలు పట్టుకుని నిలబడింది.

"ఈ కొట్లో కత్తి కింద..." అని ఏదో అనబోయింది.

"పడుతూనే ఉంటాయి" అన్నాడాయన. నోట్లో నాలుక లేని ఆ మనిషి అంత నెమ్మదిగా, అంత స్పష్టంగా మాట్లాడటం ఆవిడ వినడం అదే మొదటిసారి. "ఆ చేపల కత్తి నా చేతిలోంచే పడింది. నువ్వు బయటికి వెళ్ళినప్పుడు రాయి మీద నూరి మొన సరిచేశాను. మీ నాన్న ఉన్నప్పుడూ పడేవి. ఆయన చేతిలోంచే పడేవి. పిల్లకు చెప్పకు, మనిద్దరినీ బతకనివ్వదు అన్నాడు."

ఇంకో రోజైతే ఇల్లు పీకి పందిరి వేసేది. కానీ అక్కడ పిల్లలు పడుకుని ఉన్నారు. కాగితం మడిచి పిడికిట్లో పెట్టుకుని, కత్తి మళ్ళీ గుడ్డలో చుట్టుకుని వీధిలోకి దిగింది. ఈసారి ఆయన కూడా వెనకాలే వచ్చాడు.

బడిలో అందరి ముందూ బల్ల మీద కత్తి పెట్టి, దాని చివర ఆ ముక్కను జరిపి చూపించింది. విరుపుకు విరుపు అతికినట్టు సరిపోయింది. "మా కొట్లో పడి విరిగింది. వాడు నిజమే చెప్పాడు. నేను నమ్మలేదు" అంది. ఆ మాటలు అనడానికి ఆవిడ నాలుక ఎంత బరువెక్కిందో పక్కన ఉన్న భర్తకు తెలుసు. మేడమ్ కుర్చీలో కూలబడి మొహం తుడుచుకుంది. పక్క గదిలోంచి ఒక పిల్ల తొంగిచూసి, ఇప్పుడు మళ్ళీ అన్నం పెడతారా అని అడిగింది.

మేడమ్ తమ్ముణ్ణి ఏప్రాన్ కట్టుకోమంది. తర్వాత పదునక్క వైపు తిరిగి, కత్తులు ఇక మీదట ఇంకెక్కడైనా సాన పట్టించుకుంటాం అంది, కటువుగా ఏమీ కాదు, మామూలుగానే. పదునక్క తమ్ముడి వంక చూసింది. మా అక్కలా ఎవరూ పట్టలేరు మేడమ్ అని వాడు ఎక్కడికెళ్ళినా అనేవాడు. ఆ ఒక్క మాట ఇప్పుడు కూడా అంటాడేమోనని చూసింది. వాడు ఏప్రాన్ ముడి వేసుకుని, ఖాళీ గిన్నె ఎత్తుకుని కుళాయి దగ్గరికి వెళ్ళిపోయాడు.

మరుసటి వారం తమ్ముడు వచ్చే రోజున స్టూలు ఖాళీగా ఉంది. పదునక్క పొద్దుటి నుంచీ దాని వైపు చూడకుండా పని చేసుకుంటోంది. భర్త నూనెగుడ్డ పట్టుకుని గోడ మీది కత్తులు తుడుస్తున్నాడు. గుమ్మంలో ఒకాయన కూరగాయల కత్తి పట్టుకుని నిలబడ్డాడు. సరిగ్గా అప్పుడే వెనకాల ఖణేల్‌మని చప్పుడైంది.

భర్త చేతులు గాల్లోనే ఆగిపోయాయి. తర్వాత ఆయన గొంతు వినిపించింది. "పడింది."

పదునక్క వెనక్కి తిరిగింది. నోటి దాకా వచ్చిన తిట్టు నోట్లోనే ఉండిపోయింది. "ఏది?" అని అడిగింది.

"తోలు కత్తి. మీ నాన్నది."

"మొన ఉందా?"

"లేదు."

వచ్చినాయన ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తున్నాడు. పదునక్క అయస్కాంతం తీసుకుంది. "కత్తి స్టూలు మీద పెట్టి కాస్త ఆగండి. మా దగ్గర ఒకటి కింద పడింది, వెతకాలి" అని ఆయనతో చెప్పి, వెళ్ళి భర్త పక్కన నేల మీద కూర్చుంది.