పేజీ గాలి

నువ్వు నమ్మవని పందెం. చదివాక "సోది" అని పెట్టావో, బ్లాక్ చేసేస్తా, ముందే చెప్తున్నా.

మా పక్కింటి రైటరమ్మ ఉంది కదా, వాళ్ళింట్లో ఫ్యాన్ లేదు. ఎక్కడ ఎవరు ఆవిడ పుస్తకం చదువుతూ పేజీ తిప్పినా ఆ గాలి వాళ్ళ ముందుగదిలోకి వచ్చేస్తుంది. పొద్దున్నే ఆవిడ కూరగాయలు తరుగుతుంటే కర్టెన్ లేస్తుంది. "ఎవరో బస్సులో చదువుతున్నారే, కుదుపుగా వస్తోంది," అంటాడు డ్రైవర్ తాత. తాతంటే ఆవిడ మొగుడు. బస్సు నడిపి రిటైరయ్యాడు, ఉబ్బసం. ఆ గాలి తగిలితేనే ఊపిరాడుతుంది. ఆవిడ నవల కాలేజీలో పాఠంగా పెట్టిన ఏడాదైతే, పరీక్షకి ముందురోజు మా అమ్మ ఆరేసిన దుప్పటి ఎదురింటి డాబా మీద తేలింది. అమ్మ రైటరమ్మనేం అనలేదు. ఆఖరిరోజు దాకా పుస్తకం తెరవని పిల్లల్ని తిట్టింది.

ఈమధ్య గాలి బాగా తగ్గిపోయింది. తాత మంచం కిటికీ దగ్గరికి జరిపారు.

అప్పుడు దిగాడు పబ్లిషర్ ఆఫీసు నుంచి ఒకడు. మండుటెండలో కూడా టై. అందుకే వీధంతా వాణ్ణి టై అనే అంటుంది.

"ఇవాళ తేల్చేయండి మేడమ్. ఈబుక్‌కి సంతకం పెడతారా సరే, లేదంటే గోడౌన్లో ఉన్న కాపీలు తుక్కుకి పోతాయి. ఇక ప్రింటు కూడా ఉండదు."

"అదొస్తే ఉన్న పుస్తకాలు కూడా ఎవరూ తెరవరు, ఫోన్లో వేలితో తోస్తారు బాబూ. పేజీ తిరగదు. ఈయనకి గాలెక్కడిది మరి?"

"ఏసీ పెట్టించండి."

"పడదు."

"పెట్టేయవే సంతకం," అన్నాడు తాత మంచం మీంచి. "నా ముక్కు కోసం నీ కథలు తుక్కులో పోవాలా? జనం ఎలాగో ఒకలా చదువుతా..." దగ్గొచ్చింది. ఆగలేదు. పీల్చే మందు కొట్టినా లాభం లేదు, పెదాలు నీలం తిరిగాయి. టై అంబులెన్స్‌కి ఫోన్ చేస్తే ట్రాఫిక్‌లో ఉన్నామన్నారు. రాసినావిడ తిప్పితే గాలి రాదు. ఇంట్లో వేరే మనిషి లేడు.

రైటరమ్మ అలమారాలోంచి తన నవల లాగి టై ఒళ్ళో పడేసింది.

వాడు గబగబా పేజీలు తిప్పేశాడు. కర్టెన్ కదల్లేదు.

"తిప్పడం కాదు, చదవాలి."

"నేను అమ్ముతానే గానీ చదవను మేడమ్."

"ఇవాళ చదువు."

చదివాడు. పెదాలు కదుపుతూ, ఒకటో క్లాసు పిల్లాడిలా. తిప్పాడు. కర్టెన్ అంచు కొంచెం లేచింది. తాత గొంతులోకి ఒక్క ఊపిరి దిగింది. అదయ్యేలోగా ఇంకోటి కావాలి. కంగారులో రెండు పేరాలు ఎగ్గొట్టాడు. గాలి రాలేదు, తాత కళ్ళు తేలేశాడు.

"వెనక్కెళ్ళు," అంది రైటరమ్మ.

వెళ్ళాడు. కథలో వానలో ఒక బస్సు ఆగిపోతుంది. పారిపోయొచ్చిన పిల్ల దిగాలా వద్దా అని మెట్టు మీద నిలబడుంటుంది. అక్కడికొచ్చాక టై భయపడటం మర్చిపోయాడు. ఆ పిల్ల ఏం చేస్తుందో వాడికి నిజంగా తెలుసుకోవాలనిపించింది. పేజీ తిరిగింది. గాలి. ఇంకో పేజీ. టేబుల్ మీదున్న అగ్రిమెంటు లేచి, కిటికీలోంచి పోయి మా గోడ మీద వాలింది.

అంబులెన్స్ వచ్చేసరికి తాత లేచి కూర్చుని వాడి భుజం మీంచి తొంగిచూస్తున్నాడు. టై ఫోన్ మోగింది, బాస్.

"తర్వాత చేస్తా సార్, ఆ పిల్ల ఇంకా దిగలేదు," అని కట్ చేశాడు.

ఉద్యోగం పోయిందిలే. గోడౌన్ కాపీలన్నీ తుక్కు రేటుకి తనే కొని, ఆటోలో తెచ్చి ఇంటింటికీ పంచాడు. ఇప్పుడు మా వీధిలో వంతులు. పొద్దున అమ్మ, మధ్యాహ్నం ఎదురింటి టైలర్, రాత్రి టై. వాడు టై కట్టడం మానేశాడు గానీ పేరు వదల్లేదు. సాయంత్రం నాది. ఇప్పుడు నడుస్తోంది నాదే అసలు, పుస్తకం ఒళ్ళోనే ఉంది, నీకు ఈ ఒక్క ముక్క చెప్పేసి

ఉండు. గోడ అవతల తాత దగ్గు, రైటరమ్మ కేక.

"ఏమేవ్, ఆ ఫోన్ కింద పెట్టవే, కర్టెన్ కదలట్లే