ఐదో ఫారం

ముప్పై నాలుగేళ్ళు పుస్తకాలు కుట్టాను. చదివింది ఒక్కటి కూడా లేదు. ఈ మాట చెబితే జనం నవ్వుతారు. నవ్వనీ. వంటవాడు వండిందంతా తింటాడా?

బైండింగు షాపులో మేం చూసేది కథని కాదు, అంకెని. పెద్ద కాగితం మీద పదహారు పేజీలు అచ్చవుతాయి. దాన్ని మూడు మడతలు పెడితే ఒక ఫారం. ప్రతి ఫారానికీ అడుగున మూల ఒక చిన్న అంకె వేసి ఉంటుంది. బల్ల మీద దొంతరలు వరసగా పెట్టుకుని, ఒక్కో దొంతర నుంచి ఒక్కో ఫారం ఎత్తుకుంటూ పోవాలి. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు. వరస కుదిరిందా, దబ్బనంతో పొడిచి దారంతో కుట్టెయ్యడమే. లోపల రాజు బతికాడో చచ్చాడో మనకనవసరం.

ఆ అంకే నన్ను ముంచింది. నాలుగేళ్ళ కిందట రెండు పుస్తకాలు ఒకేసారి షాపుకు వచ్చాయి. రెండూ ఒకే కొలత, ఒకే రకం కాగితం. ఒకటి గంట పోగొట్టుకున్న గాడిద కథ. రెండోది సముద్రం అడుగున ఏమేం ఉంటాయో చెప్పే బడి పుస్తకం. గాడిద ఐదో ఫారం పక్కనే సముద్రం ఐదో ఫారం పెట్టుకున్నాను. చెయ్యి ఒక్కసారి పక్కకు పోయింది. అంకె ఐదే, పేజీ నంబర్లూ అరవై ఐదు నుంచి ఎనభై దాకా ముచ్చటగా ఉన్నాయి. కుట్టేశాను. కొన్నవాళ్ళు తిరిగి పంపితే మా యజమాని పదిమందిలో ఆ పుస్తకం పైకెత్తి, "పెద్దమ్మా, నీ గాడిద ఈదుతోంది" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. నా పనంతటిలో అదొక్కటే తప్పు. ఒక్కటే కదా అంటారు. తెల్లబట్ట మీద మరక ఒక్కటే ఉన్నా చూపు దాని మీదికే పోతుంది.

అమ్మకానికి పనికిరాని పుస్తకాలు మేం ఇంటికి తెచ్చుకోవచ్చు. అందుకే మా ఇంట్లో ఉన్నవన్నీ అవకరాల పుస్తకాలే. ఒకదానికి అట్ట తలకిందులు. ఇంకోదానికి చివరి పేజీ లేదు, దొంగ ఎవరో మాకు ఇప్పటికీ తెలియదు. వాటి మధ్యకి గాడిద కూడా చేరింది. మనవరాలికి అప్పుడు మూడేళ్ళు. ఇంట్లో అందరం దాన్ని పిడుగు అంటాం. ఎందుకంటామో మా ఇంట్లో మిగిలిన రెండు కప్పుల్ని అడిగితే చెబుతాయి.

మా అబ్బాయి సిటీ బస్సు కండక్టరు. వాడు స్టాపులో దిగి పిలిస్తే వీధి చివర పడుకున్న కుక్క లేచి నిలబడేది. అంత గొంతు. సాయంత్రం డ్యూటీ దిగి, స్నానం చేసి, కిటికీ పక్కనున్న చెక్క కుర్చీలో పిడుగుని ఒళ్ళో కూర్చోబెట్టుకుని పైకి చదివేవాడు. చదవడం వాడి పని, పేజీ తిప్పడం దాని పని. తిప్పాల్సిన చోటు రాగానే వాడు కుర్చీ చెయ్యి మీద వేలి కణుపుతో రెండుసార్లు కొట్టేవాడు, టక్ టక్ అని. బస్సులో రెండు గంటలు కొడితే బండి కదలాలి కదా, అలాగన్నమాట. ఆ చప్పుడు వినపడితే గానీ ఇది పేజీ ముట్టుకునేది కాదు. నేను ఇల్లు చేరేసరికి ఎనిమిది దాటేది, కథ అయిపోయేది. సెలవు రోజున నాతోపాటు నా చెవులు కూడా సెలవు పెట్టేవి. ఎన్ని పుస్తకాలున్నా రోజూ గాడిదే కావాలంటుందని మాత్రం తెలుసు. ఆ తప్పుడు ఫారం దాటేసి చదువుకుంటున్నారని అనుకునేదాన్ని.

పోయిన ఏడాది చివర్లో అబ్బాయి గొంతులో గడ్డ లేచింది. డాక్టర్లు మనిషిని ఉంచి గొంతు తీసేశారు. అంతకంటే ఎలా చెప్పాలో నాకు తెలియదు. ఇంటికి వచ్చాక మెడకు తువ్వాలు చుట్టుకుని, ఏం కావాలన్నా పలక మీద రాసి చూపించేవాడు. డిపోలో విడిభాగాల గదిలో పని ఇచ్చారు. పోతున్నాడు, వస్తున్నాడు, తింటున్నాడు. ఆ కుర్చీలో మాత్రం కూర్చోడు. సాయంత్రం పిడుగు పుస్తకం పట్టుకుని దగ్గరకు రాగానే లేచి వెళ్ళి గిన్నెలు తోమేవాడు. తోమినవే మళ్ళీ తోమేవాడు. ఏడేళ్ళ పిల్ల గుమ్మంలో నిలబడి కాసేపు చూసి, పుస్తకం మళ్ళీ అరలో పెట్టేసేది.

రెండు నెలలు, నాకు సెలవు వచ్చినప్పుడల్లా ఇదే చూశాను. వీడిలా పిల్లకి దూరమైపోతే అది గొంతు పోయిన దానికంటే పెద్ద నష్టం. ఎలాగైనా వాణ్ణి మళ్ళీ ఆ కుర్చీలో కూర్చోబెట్టాలి. నాకు పట్టుకున్న బెంగ అదొక్కటే.

నాకు వచ్చిన విద్య కూడా ఒక్కటే. చదివి చదివి ఆ పుస్తకం వీపు విరిగి, కుట్లు తెగి, పేజీలు వేలాడుతున్నాయి. కొత్తగా కట్టి చేతిలో పెడితే వాడికి కూర్చోబుద్ధి అవుతుందనుకున్నాను. ఎవరికీ చెప్పకుండా సంచిలో వేసుకుని షాపుకు తీసుకుపోయాను. ఫారాలన్నీ విడదీస్తుంటే నా సముద్రం నా చేతికే వచ్చింది. ఒళ్ళు మండిపోయింది. నాలుగేళ్ళుగా నా ఇంట్లో, నా తిండి తింటున్నట్టే కూర్చుని నన్ను వెక్కిరిస్తోంది. అటక ఎక్కి, మిగిలిపోయిన ఫారాల కట్టలన్నీ గాలించి, గాడిద కథలోని అసలు ఐదో ఫారం పట్టుకున్నాను. అది పెట్టి కుట్టాను, ఎర్రగుడ్డతో అట్ట వేశాను, అంచులు నున్నగా కోయించాను. సముద్రాన్ని చిత్తుకాగితాల బస్తాలో పడేశాను. మధ్యాహ్నం కాగితం మిల్లు లారీ వచ్చి బస్తాలన్నీ ఎత్తుకుపోయింది. పీడా విరగడైందనుకున్నాను.

ఆ సాయంత్రం యజమానిని అడిగి పెందలాడే ఇంటికి వచ్చాను. అబ్బాయి అప్పటికే గిన్నెల దగ్గర ఉన్నాడు. పిడుగు చేతిలో పుస్తకం పెట్టాను. ఎర్ర అట్ట నిమిరింది, వాసన చూసింది. పేజీలు తిప్పుకుంటూ గాడిద వంతెన మీద కాలుపెట్టిన చోటుకి వచ్చింది. అరవై ఐదో పేజీ చూసి ఆగిపోయింది.

"నానమ్మా, సముద్రం ఏది?"

"సముద్రమేంటే? అది నా తప్పు. వేరే పుస్తకం పేజీలు ఇందులో పడ్డాయి. తీసేసి అసలువి పెట్టాను. ఇప్పుడు కథ సరిగ్గా ఉంది, చదువు."

సరిగ్గా ఉన్న కథలో గాడిద వంతెన దాటి సంతకు పోయి, గంటలమ్మేవాడి దగ్గర తన గంట వెతుక్కుంటుంది. పిడుగు నాలుగు పేజీలు పైకి చదివింది. ఏడవలేదు, ఏడ్చినా బాగుండేది. పుస్తకం మూసి నా ఒళ్ళో పెట్టింది.

"ఇందులో నాన్న లేడు" అంది.

నాకు తలాతోకా తెలియలేదు. బట్టలు మడతపెడుతున్న కోడలు వచ్చి పక్కన కూర్చుంది. "మీరు మంచికే చేశారు అత్తయ్యా. కానీ ఆయన ఆ పేజీలు ఏనాడూ దాటెయ్యలేదు" అంది. "గాడిద వంతెన మీంచి జారి ఏట్లో పడిందని కల్పించారు. ఏరు దాన్ని తీసుకెళ్ళి సముద్రంలో కలిపేస్తుంది. ఇక అక్కణ్ణించి ఆ చేపల సంగతులన్నీ గాడిద చూస్తున్నట్టే చదివేవారు. అంత లోతులో ఎంత అరిచినా గొంతు రాదు. గాడిద నోరు తెరిస్తే బుడగలే వస్తాయి. ఎనభై ఒకటో పేజీలో మళ్ళీ అసలు కథే కదా, గాడిద గట్టు మీద ఉంటుంది, మెళ్ళో గంట ఉంటుంది."

"నాన్న ఇప్పుడు అక్కడే ఉన్నాడు కదా" అంది పిడుగు, అందరికీ తెలిసిన సంగతి చెబుతున్నట్టు. "ఆ పేజీలు లేకపోతే పైకెలా వస్తాడు?"

రెండు నెలలుగా ఆ పిల్ల ఎందుకు పేచీ పెట్టలేదో, గుమ్మంలో నిలబడి దేనికోసం చూసేదో అప్పుడు తెలిసింది. వాళ్ళ నాన్న అడుగున ఉన్నాడు, వచ్చేదాకా ఆగాలి, అంతే. వాడు వచ్చే దారినే నేను చిత్తుకాగితాల్లో కలిపాను. మొదటి తప్పు నా చెయ్యి చేసింది. ఈ తప్పు నేను చేశాను.

మర్నాడు పొద్దున్నే మిల్లుకు ఫోను చేయించాను. నిన్నటి బస్తాలు నిన్ననే తొట్టిలో నానేశామన్నారు. మళ్ళీ అటక ఎక్కాను. మోకాళ్ళు పట్టేశాయి గానీ సముద్రం ముక్క ఒక్కటీ దొరకలేదు. అది బడి పుస్తకం కదా, పాఠాలు మారాక పాతవన్నీ ఎప్పుడో తూకానికి పోయాయి. చివరికి ఏం చెయ్యాలో తోచక ఒక తెల్లకాగితం తీసుకుని మూడు మడతలు పెట్టాను. పదహారు పేజీలు. అలవాటు కొద్దీ అడుగున మూల పెన్సిలుతో ఐదు అని వేశాను. నిన్న పెట్టిన సరైన ఫారం ఊడదీసి, దాని చోట ఈ తెల్లది పెట్టి కుట్టాను. పిల్ల బొమ్మలైనా వేసుకుంటుందిలే అనుకున్నాను. అంతకు మించి ఆశ లేదు.

ఆ సాయంత్రం కూడా పెందలాడే ఇంటికి వచ్చాను. పిడుగు ఆ తెల్లపేజీలు చూసింది. తిన్నగా వెళ్ళి వాళ్ళ నాన్న కుర్చీలో కూర్చుంది. కాళ్ళు నేలకి అందలేదు. మొదటి పేజీ నుంచి పైకి చదవడం మొదలుపెట్టింది. తిప్పాల్సిన చోటల్లా తనే కుర్చీ చెయ్యి మీద టక్ టక్ కొట్టుకుని తిప్పుకుంది. వెనక కుళాయి ధారగా పోతోంది, అబ్బాయి ఇటు తిరగలేదు.

గాడిద వంతెన ఎక్కింది. ఎదురు పేజీ తెల్లకాగితం.

"అక్కడికి వెలుతురు రాదు" అని చదివింది పిడుగు, ఆ తెల్లపేజీ మీద వేలు పెట్టి. "అక్కడి చేపలు ఎవరి దీపం వాళ్ళే వెలిగించుకుంటాయి. ఒక్కో చేప నుదుటి మీద ఒక్కో దీపం. అయ్యా, ఈ ఏరు ఎక్కడిదాకా పోతుందండీ అని గాడిద అడిగింది. ముందుకి జరగండి, ముందుకి జరగండి, వెనకాల ఇంకా మనుషులున్నారు అంది చేప."

అది మా అబ్బాయి మాట. గొంతు పిల్లదే గానీ ఆ ఎత్తడం, దించడం, చివర కాస్త లాగడం, మధ్యలో దగ్గి "ఆఁ, ఎక్కడున్నాం" అనడం, అన్నీ వాడివే. నేను ఆ వేలినే చూస్తూ కూర్చున్నాను. ఏమీ లేని కాగితం మీద వేలు కుడి అంచుదాకా పోయి, కిందికి దిగి, మళ్ళీ ఎడమ నుంచి బయలుదేరుతోంది. తడుముకోవడం లేదు. పేజీ అయిందనిపించగానే టక్ టక్ కొట్టి తిప్పుతోంది. ఎన్ని వేల పుస్తకాలు కట్టానో లెక్కలేదు. పుస్తకమంటే కాగితం, దారం, జిగురు అనుకున్నాను. అది ఇలా మనిషి లోపలికి పోయి కూర్చుంటుందనీ, కాగితమంతా తొట్టిలో నానిపోయినా లోపల ఉన్నది తడవదనీ నాకెవరూ చెప్పలేదు. చెప్పినా నమ్మేదాన్ని కాదు. కోడలి చెయ్యి ఎప్పుడు పట్టుకున్నానో కూడా గుర్తులేదు.

కుళాయి ఆగిపోయింది.

పిడుగు కుడిపక్క చివరి తెల్లపేజీకి వచ్చింది. తిప్పితే ఎడమన ఒక్క తెల్లపేజీ, దాని ఎదురుగా ఎనభై ఒకటి. "గాడిద నోరు తెరిచింది. బుడగలే వచ్చాయి. తల ఎత్తి పైకి చూసింది. పైన, చాలా పైన, రవ్వంత వెలుతురు కనిపించింది."

అక్కడికి పేజీ అయిపోయింది. అప్పటిదాకా తనే కొట్టుకుంది కదా, ఈసారి కొట్టలేదు. కుర్చీ మీంచి చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుంది. వెనక్కి తిరిగి చూడలేదు. అలా కూర్చుంది.

ఆగలేక నేను కొట్టబోయాను. నిజమే చెబుతున్నాను, చెయ్యి లేచింది. కోడలు గట్టిగా పట్టుకుని ఆపింది.

చాలాసేపటికి వెనక అడుగుల చప్పుడు వినిపించింది. సబ్బునురుగు ఇంకా ఆరని చెయ్యి ఒకటి కుర్చీ చెయ్యి మీదకు వచ్చింది. కాసేపు అక్కడే ఆగింది.

టక్ టక్.

పిడుగు వెంటనే పేజీ తిప్పలేదు. ముందు కుర్చీలోంచి దిగి, జరిగి నిలబడింది. వాళ్ళ నాన్న కూర్చున్నాక ఒళ్ళోకి ఎక్కి సర్దుకుని, అప్పుడు తిప్పింది.