దొంగ సినిమా అడగని ప్రశ్న

ఇకమీదట దొంగ సినిమా చూడనని ఒట్టేసుకుని, మొండయ్య తన బావమరిది కమలాకర్ ఫోన్ నంబరుతో సినిమాల యాప్‌కు డబ్బు కట్టించాడు. మొండయ్యకు సెలవైన రోజు, వాళ్లు వలసొచ్చి ఉంటున్న బమ్రోలి గదిలో ఇంటిల్లిపాదీ టీవీ ముందు కూర్చున్నారో లేదో, నువ్వెవరో తేలాలి, ఓటీపీ చెప్పమంది ఆ యాప్. ఆ ఓటీపీ వెళ్లింది కమలాకర్ ఫోనుకు. కమలాకరేమో డ్యూటీలో, మరమగ్గాల మధ్య ఉన్నాడు. ఆ మోతలో ఫోను కాదు గదా, పిడుగు పడ్డా వినబడదు.

మొండయ్య సైకిలెక్కి కార్ఖానాకు పోయాడు. అక్కడ మాటలు చెల్లవు, సైగలే. కమలాకర్ వేళ్లతో అంకెలు చూపించాడు. వాటిని జపంలా గొణుక్కుంటూ ఇంటికొచ్చి కొడితే, గడువు దాటిందంది యాప్. మొండయ్య మొండిగా అవే అంకెలు మళ్లీ మళ్లీ కొట్టాడు. ఎవడో దొంగ చొరబడుతున్నాడని అది ఖాతాకు తాళం వేసింది.

"ఇగ జరుగు," అంటూ భార్య నర్సవ్వ పక్కింటి పెన్‌డ్రైవ్ తెచ్చి టీవీకి పెట్టింది. వెంటనే సినిమా మొదలైంది.

"గిది దొంగ సిన్మ గదనే!" అన్నాడు మొండయ్య.

"ఐతేంది? నువ్వెవలవని అడిగిందా? పైసలు కట్టిన సిన్మనే గద, నిన్ను దొంగన్నది!"