రెండో వైపు నుంచి చూస్తే

పంజాగుట్టలోని ఆ రేడియో టవరు ఎత్తు అరవై మీటర్లు. మూడు దిక్కులా లాగి కట్టిన ఉక్కు తీగలే దాన్ని నిలబెడతాయి. మొన్నటి ఈదురుగాలికి ఒక తీగ తెగడంతో ప్రసారాలు ఆపేశారు. కాంట్రాక్టరు ప్రమోద్ కొత్త తీగ బిగించాడు. టవరు నిలువుగా ఉందని సర్వేయరు మానస సంతకం పెడితే, మధ్యాహ్నానికే రేడియో మళ్లీ మోగుతుంది.

ఆమె ఒక్కతే బాధ్యత తీసుకుంటున్న మొదటి రిపోర్టు అది. పొద్దున్నే, గాలి లేనప్పుడు, రోడ్డు పక్కన స్టాండు వేసి థియోడలైట్ అనే సర్వే దుర్భిణిలోంచి టవరును మొదలు నుంచి కొస దాకా చూసింది. అద్దంలోని నిలువు గీతను టవరు వెంట్రుకవాసి కూడా తప్పలేదు.

"చెప్పాను కదండీ! సంతకం పెట్టేయండి," అన్నాడు ప్రమోద్.

"ఒక్క దిక్కు నుంచే చూసినం సార్. అది మన మీదికి వంగినా, వెనక్కి వంగినా ఇక్కడికెల్లి తెల్వదు. అమీర్‌పేట దిక్కు నుంచి సుత చూడాలె."

"అటంతా అపార్ట్‌మెంట్లే. ఏం కనిపిస్తుందండీ? ఇంతకుముందు వచ్చినాయన ఇక్కడి నుంచే చూసి వెళ్లేవారు."

అయినా మానస స్టాండు భుజాన వేసుకుని నడిచింది. మూడు చోట్ల వాచ్‌మన్లు లోపలికి రానివ్వలేదు. నాలుగో చోట అరుణాదేవి అనే పెద్దావిడ విషయం విని, "అయ్యో, దానికేముంది, రామ్మా!" అంటూ తనే డాబా తలుపు తీసి, వడియాల చీర పక్కకు జరిపింది.

అక్కడి నుంచి చూస్తే టవరు కొస జానెడు పక్కకు ఒరిగి ఉంది!

మానస ఫోన్ చేయగానే ప్రమోద్ ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చి, అద్దంలోకి చూశాడు.

"కొత్త తీగ మరీ లాగేశామండీ," అన్నాడు. టవరు కింద ఉన్న రాజనర్సయ్యకు ఫోన్ కలిపి ఆమె చేతికిచ్చాడు. ముప్పై ఏళ్లుగా టవర్ల తీగలు బిగిస్తున్న మనిషి ఆయన.

"కాకా, కొత్త తీగ జర వదులు చేయున్రి. మిగతా రెండు గుంజున్రి."

"గుంజుతున్న బిడ్డా, చూసి చెప్పు."

"ఇంకా... ఇంకొంచెం... ఆగున్రి!"

కొస మెల్లగా కదిలి, గీత మీదికొచ్చి ఆగింది. అరుణాదేవి చప్పట్లు కొట్టింది. మానస మళ్లీ రోడ్డు దగ్గరికి పరుగెత్తి అటు నుంచీ చూసింది. చీమంత వంపు కూడా లేదు. అక్కడే, టవరు గేటుకు రిపోర్టు ఆనించి సంతకం పెట్టింది.

మధ్యాహ్నం ఎదుటి చాయ్ హోటల్లో రేడియో పలికింది. ఓనరు సౌండు పెంచాడు. రాజనర్సయ్య లేచి నిలబడి, "గా టవరును గీ బిడ్డనే సీదా నిలబెట్టింది!" అని అందరికీ వినపడేలా అన్నాడు.

మానస కాదనలేదు.