మగ పురుగుల ఊరేగింపు

ఆడ పురుగు వాసనను చుక్కలు చుక్కలుగా రబ్బరు ఎరల్లో నింపడం అతని ఉద్యోగం. ఆ ఎరల్ని తోటల్లో లింగాకర్షక బుట్టల్లో వేలాడదీస్తారు. మగ రెక్కల పురుగులు ఎక్కడెక్కడి నుంచో ఎగిరొచ్చి, రబ్బరు ముక్కనే పెళ్ళాం అనుకుని కావలించుకోబోయి జిగురు అట్టకు అంటుకుపోతాయి. మనిషి ముక్కుకు ఆ వాసన బొత్తిగా తెలియదు. పురుగుకు మాత్రం రవ్వంత చాలు, తోట అవతలి గట్టు నుంచి లేచి వస్తుంది. ఎంత కడుక్కున్నా కాస్తో కూస్తో మిగిలేది కాబట్టి సాయంత్రాలు ఒకటో రెండో పురుగులు అతని వెంటపడేవి. అందుకే తోటి పనివాళ్ళు అతనికి పెళ్ళికూతురు అని పేరు పెట్టారు.

ఆ పేరుకు అతనేమీ నొచ్చుకోలేదు. అతన్ని తొలిచే సంగతి వేరు. జిగురుకు అంటుకున్న ప్రేమికుల్ని రోజంతా చూసేవాడికి ప్రేమ మీద నమ్మకం ఎలా నిలుస్తుంది? ఆ మగ పురుగు కూడా తన మనసు చెప్పినట్టే ఎగురుతున్నాననుకుంటుంది కాబోలు. కళ్ళజోళ్ళ షాపులో మరలు బిగించే ఆవిడ తలెత్తి చూసినప్పుడల్లా తన గుండె దడదడలాడుతుంది, అరచేతులు తడుస్తాయి, నాలుక పిడచగట్టుకుపోతుంది. ఇదంతా మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న రెండు గ్రంథుల నిర్వాకమని అతనికి తెలుసు. అవి చిటికెడు అడ్రినలిన్ వదుల్తాయి, రక్తం దాన్ని ఒళ్ళంతా చాటింపు వేస్తుంది. మరి ఇందులో తనెక్కడ? ఈ ప్రశ్నతోనే ఏడాది గడిచింది. ఆ ఏడాదీ కళ్ళజోడు మరల్ని వంటింటి కత్తితో తనే వదులు చేసుకుని, బిగించమంటూ ఆ షాపుకు వెళ్తూనే ఉన్నాడు.

అతను ఉంటున్నది అక్క దగ్గర. ఆమెకు ఓపిక నశించింది. కళ్ళజోళ్ళ షాపును త్వరలో వేరే ఊరికి మారుస్తున్నారన్న కబురు ఆమే మోసుకొచ్చింది.

"అడగనిదే అమ్మైనా అన్నం పెట్టదురా. ఇవాళ నువ్వు అడుగుతావా, రేపు నన్ను వెళ్ళి అడగమంటావా?"

అక్క అడిగితే ఎలా ఉంటుందో ఊహించుకున్నాడు. ఆమె ఏ కథైనా తమ్ముడు పక్క తడిపిన రోజుల దగ్గర మొదలుపెడుతుంది. అతను గబగబా స్నానానికి లేచాడు.

ఒళ్ళు ఎర్రబడేదాకా రుద్దుకుని, కొత్త చొక్కా, కొత్త చెప్పులు వేసుకున్నాడు. అక్క దగ్గరికొచ్చి వాసన చూసి, సబ్బుల కొట్టు నడిచొచ్చినట్టుందని మెచ్చుకుంది. వీధిలో పడ్డాక అతని కాళ్ళు నేల మీద ఆనలేదు. అడుగుతాడు. అడిగేస్తాడు. చెత్తబుట్టను కూడా పలకరించాలనిపించింది.

మలుపు దగ్గర ఒక మగ పురుగు వచ్చి కనుబొమ్మ మీద వాలింది. తోలేశాడు. మందుల షాపు చేరేసరికి దానికి చుట్టాలు కలిశారు. తోటల్లో పురుగులు గూళ్ళు చీల్చుకుని బయటపడే వారం అది. బస్టాపు దాటేసరికి అతని తల చుట్టూ బూడిదరంగు మేఘం ముసిరింది. క్యూలో నించున్న ఒక ముసలాయన టోపీ తీసి మర్యాదగా దారి ఇచ్చాడు. అతనికి భయమూ నవ్వూ ఒకేసారి తన్నుకొచ్చాయి. పురుగులన్నీ చెవులకూ ముక్కుకూ మధ్యనే తిరుగుతున్నాయని గమనించాక అసలు సంగతి వెలిగింది. మరలు వదులు కావడంతో పనిలో కళ్ళజోడు మాటిమాటికీ జారేది. వాసన అంటిన చేతి తొడుగులతోనే దాన్ని పైకి నెట్టుకునేవాడు. ఒంటి మీదివన్నీ మార్చుకున్నాడు గానీ, పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టు, దాన్ని మాత్రం ముక్కు మీద పెట్టుకుని బయల్దేరాడు. తీసి జేబులో పడేద్దామంటే అడుగు దూరం కూడా కనబడదు.

షాపులోకి అతను ఒక్కడే అడుగుపెట్టలేదు, మేఘమంతా వెంట వచ్చింది. చిన్న స్క్రూడ్రైవర్ పట్టుకున్న ఆవిడ కుర్చీలోంచి లేచి నిలబడింది. అతను గుక్క తిప్పుకోకుండా ఎరల గురించి, వాసన గురించి, కళ్ళజోడు గురించి, సబ్బుల కొట్టని మెచ్చుకున్న అక్క గురించి చెప్పేశాడు. ఆవిడ అంతా విని, తమ ఇంటి కిటికీకి కూడా పురుగులు వస్తున్నాయంది, అదీ అతని జోడు బాగుచేసిన సాయంత్రాల్లోనే. వాళ్ళమ్మ ఆ నేరం కొత్త సబ్బు మీద మోపి దాన్ని పారేసిందట.

"మరలు నేనే వదులు చేస్తున్నానండీ," అన్నాడు, ఎలాగూ పరువు పోయిందని.

"తెలుసు. మర తల మీద కత్తిగాట్లు కనబడుతూనే ఉన్నాయి."

"మరి అనలేదేం?"

"అంటే రావడం మానేస్తారుగా."

అతని గుండె గంతులేసింది. చటుక్కున పాత అనుమానమూ లేచింది. ఎర వాసనకు ఎగిరే పురుగు గుండె కూడా ఇలాగే గంతులేస్తుందేమో. దాచడం ఇష్టంలేక గ్రంథుల గోల కూడా చెప్పేశాడు.

ఆవిడ తల ఒక పక్కకు వంచింది. "అయితే ఇప్పుడు ఏదో అడగబోతున్నారే, అది మీరా, మీ గ్రంథులా?"

ఈ ప్రశ్నను ఏడాదిగా తన లోపల తిప్పి తిప్పి చూశాడు. మరొకరి నోట వినేసరికి జవాబు ఎదురుగా నిలబడింది.

"వాటికి తెలిసిన మాట ఒక్కటేనండీ, పారిపొమ్మని. ఈ గుమ్మంలో అడుగుపెట్టిన ప్రతిసారీ అదే అరిచాయి. ఇప్పుడూ అరుస్తున్నాయి. వాటి మాట వినకుండా నిలబడ్డవాణ్ణి నేను. నన్ను పెళ్ళి చేసుకుంటారా అని అడుగుతున్నదీ నేనే."

ఆవిడ ముందుకు వచ్చి అతని కళ్ళజోడు మెల్లగా తీసేసింది. లోకమంతా అలుక్కుపోయింది. పురుగులు అతన్ని వదిలి ఆవిడ చేతి చుట్టూ చేరిన చప్పుడు వినబడింది గానీ, ఆవిడ ముఖంలో ఏముందో కనబడలేదు. అతని మణికట్టు మీద వేళ్ళు పడ్డాయి. చల్లగా ఉన్నాయి, తడిగా ఉన్నాయి.

"నావీ అదే అరుస్తున్నాయి," అందావిడ. "ఒంటరిగా పరుగెత్తడం దేనికి? పదండి, మీ అక్కయ్యగారి దగ్గరికి వెళ్దాం."

షాపు తలుపు ఎవరు మూశారో తర్వాత ఇద్దరికీ గుర్తులేదు. ఆవిడ కళ్ళజోడు పట్టుకున్న చేతిని తలపైకి ఎత్తి ముందు పరుగెత్తింది. ఏమీ కనబడని అతను ఆవిడ రెండో చెయ్యి పట్టుకుని, నవ్వు ఆపుకోలేక ఒగరుస్తూ వెనక పరుగెత్తాడు. వీధి చివరికి వచ్చేసరికి పురుగులు బాగా వెనకబడిపోయాయి.