పాట ఆగినప్పుడల్లా

వజ్రపుకొత్తూరు నుంచి అప్పలమ్మ పలాసలోని జగదీష్ రికార్డింగు గదికి వచ్చేసరికే ఆయాసపడుతోంది. రెండువేల మూడు ఎండాకాలం. కిడ్నీలు చెడి, మధ్యాహ్నం బండికి విశాఖ ఆసుపత్రికి వెళ్లాల్సిన మనిషి. వరినాట్లలో ఆమె పాడే పాటలు పోకూడదని కూతురు రోజా పట్టుబట్టి తీసుకొచ్చింది.

ఎత్తుకోగానే గొంతు ఖంగుమంది. కానీ చరణానికీ చరణానికీ మధ్య ఊపిరి కోసం ఆగేది. ఆగిన ప్రతిసారీ కంప్యూటర్ మొరాయించేది. ఆమె మళ్లీ అందుకుంటే మొదటి మాటలు ముక్కలుముక్కలుగా పడేవి.

జగదీష్‌కి అంతుపట్టలేదు. కొత్త పెంటియం ఫోర్ కంప్యూటర్. వాయిద్యాలన్నీ కలిపి నడిపినా ఏనాడూ ఇలా చెయ్యలేదు. వైరస్ వెతికాడు, తీగలు పీకి పెట్టాడు. రోజా గుమ్మంలోకీ గదిలోకీ తిరుగుతోంది.

"బండి టైమైపోతంది జగదీషన్నా."

"నా గొంతే పోనాదేటి నాయనా? సెప్పేయి, ఏటనుకోను," అంది అప్పలమ్మ.

"నీ గొంతు కాదు పిన్నీ, ఈ మిసనే ఎదవది."

"ఉక్కపోత్తంది. ఆ ఫేనన్నా ఎయ్యి."

రొద మైకులో పడుతుందని అందాకా ఆపి ఉంచాడు. ఇక పోతే పోయిందని వేశాడు. ఆమె పాడింది, ఆగింది, రొప్పింది, మళ్లీ పాడింది. కంప్యూటర్ ఒక్కసారీ తడబడలేదు. వెనక ఫ్యాను గరగరతో పాటంతా వచ్చింది.

వాళ్లు బండికి పరుగెత్తారు. ఫ్యాను వేస్తే ఎందుకు నడిచిందో జగదీష్‌కి అర్థం కాలేదు. విశాఖలో ఎలక్ట్రానిక్స్ చదువుతున్న గౌతమ్‌కి ఫోన్ చేశాడు.

"పాట ఆగగానే గది సప్పుళ్లన్నీ మిసన్లో కోసేత్తన్నావు కదా బావా," అన్నాడు గౌతమ్. "అప్పుడు నువ్వు కలిపిన ప్రతిధ్వని తగ్గి తగ్గి సున్నా దగ్గరికొత్తాది గానీ సున్నా అవదు. అంత సన్న అంకెల్ని ప్రాసెసర్ మామూలుగా సెయ్యనేదు. సుట్టుదారిలో లెక్క కడతాది. ఎన్నో రెట్లు టైము పడతాది."

"మరి ఫేనేటి సేసింది?"

"దాని రొద పెద్దది, ఆ కోతకి లొంగనేదు, అందుకే అంకెలు అంత సన్నబడనేదు. సెవికి ఇనబడనంత రొద నువ్వే కలిపీ."

కలిపాడు. ఫ్యాను ఆపి, తనే రెండు ముక్కలు పాడి, ఆగి చూశాడు. నడిచింది. ఫ్యాను గరగర లేకుండా పాట మళ్లీ తీద్దామని రోజాకి ఫోన్ చేశాడు. అప్పలమ్మే అందుకుంది.

"నాను పాడనేను బాబూ. రోజా పాడతాది. నాను పక్కన కూకుని మాటలందిత్తాను."

ఆసుపత్రి నుంచి రాగానే తల్లీకూతుళ్లు వచ్చారు. రోజా పాడింది. తప్పినచోటల్లా అప్పలమ్మ తన తొడ మీద చరిచి ఆపించింది. ఆపించినప్పుడల్లా జగదీష్ చూపు కంప్యూటర్ మీదికి పోయేది, పాట మాత్రం ఎక్కడా తెగలేదు.